పిలువని ప్రోగ్రాములు

సోలాపురము నగరపు తూర్పుభాగమున, అశోక్ చౌకు, దాజీపేట, భద్రావతిపేట మొదలైన పేటలలో, నిజాము రాజ్యమునాటి తెలంగాణ పల్లెలనుండి తరతరములుగా వలసవచ్చి స్థిరపడిన పద్మశాలీల సంతతివారు నేటికిని ఇంట తెలుగును, వీథిలో మరాఠీని మాటాడుచు, మగ్గముల రొదనడుమ జీవయాత్ర సాగించుచున్నారు. కార్ఖానాలలో పురుషులు మరమగ్గములు నడుపుచుండగా స్త్రీలలో పెక్కురు ఇంటిగడపలలో కూర్చుండి బీడీలు చుట్టుచుందురు. శ్రావణపూర్ణిమనాడు మార్కండేయ మహాముని రథోత్సవమునకు ఈ పేటలన్నియు ఒక్కటియై కదలును. మనదేశమున భౌగోళిక సూచిక పొందిన తొలివస్తువులలో సోలాపురము దుప్పటియు, సోలాపురము టెర్రీతువ్వాలును చేరినవన్న కీర్తి ఈ చేతుల శ్రమవలన వచ్చినదే. అట్టి వీథులలో నేడు మగ్గముతోపాటు మరియొక యంత్రమును నిత్యావసరమైనది. 2017 జులై 1న వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినపిదప బిల్లు వ్రాయుటకును, సరకును లారీ కెక్కించుటకుముందు ఈ-వే బిల్లు తీయుటకును, డిజైను గీయుటకును, దూరదేశపు బేరగానికి నమూనాచిత్రము పంపుటకును కంప్యూటరు లేక పని జరుగదు. చిన్న కార్ఖానాలో ఒక మూల, నూలుదూది పడకుండ గుడ్డకప్పి యుంచిన ఆ పెట్టె మేల్కొనునప్పటి కొన్ని నిమిషములే ఈ వ్యాసమునకు విషయము.

ఉదయమున మీట నొక్కగానే తెరమీద విండోస్ గుర్తు కనబడును. పాస్‌వర్డు కొట్టగానే రంగుల తెరయు, దానిపై చిన్నచిన్న బొమ్మలును వరుసగా నిలుచును. చూచువానికి యంత్రము సిద్ధమైనట్లే తోచును. కాని డిజైను ప్రోగ్రాముపై ఎన్నిమారులు నొక్కినను అది తెరుచుకొనదు. మౌసుబాణము ప్రక్కన చిన్నవలయము తిరుగుచునే యుండును. ఇంతలో ఎవరును పిలువకయే ఒక సంభాషణల ప్రోగ్రాము తెరనడుమకు వచ్చి ఖాతాలోనికి ప్రవేశింపుమనును, కుడివైపు క్రిందిమూల ప్రింటరు తాలూకు సహాయప్రోగ్రాము సిరా తగ్గినదని తెలుపును, కంప్యూటరు కొన్ననాడు కొన్నినెలలకు ఉచితముగా వచ్చిన వైరస్ నిరోధకము గడువు తీరినదనియు, సొమ్ము కట్టుమనియు హెచ్చరించును, పి.డి.ఎఫ్. చదువు ప్రోగ్రాము తన క్రొత్తకూర్పు వచ్చినదని చాటును. పని అప్పగింపవచ్చిన మనిషి గుమ్మమున నిలిచియుండును. "కొత్తది కొనాలె అన్నా, ఇది ముసల్దయింది" అని డిజైనుచేయు కుఱ్ఱవా డనును. "నూలు ధర చూస్తున్నవు కద తమ్మీ, ఇప్పుడు గాదు" అని యజమాని యనును.

ఇట్టి సంభాషణ ఒక్క సోలాపురముననే కాదు, సిరిసిల్లలోను, భివండిలోను, ఇంటికొక కంప్యూటరున్న హైదరాబాదులోను వినబడునదే. అందు ఇరువురును విచారింపని ప్రశ్న ఒకటి కలదు: ఈ యంత్రము మేల్కొనగానే ఏయే పనులు ఆరంభము కావలెనని నిర్ణయించిన దెవరు? సొమ్ముపెట్టి కొన్నవాడు కాడు. కూర్చుండి పనిచేయువాడును కాడు. ఆ ప్రోగ్రాములను తయారుచేసిన సంస్థలు, తమ వస్తువు మొదట లేవవలెనను తమ ప్రయోజనముకొఱకు, తమకు తామే నిర్ణయించుకొన్నవి. యంత్రము పాతబడినదని తీర్పుచెప్పుటకుముందు ఆ నిర్ణయమును యజమాని తన చేతిలోనికి తీసికొనవలెననియు, అది ఇంగ్లీషు అంతగా రానివానికిని సాధ్యమైన పనియేననియు నేను దృఢముగా నమ్ముచున్నాను.

కార్ఖానాలో విద్యుత్తు పోయి తిరిగి వచ్చినప్పుడు అనుభవజ్ఞుడు మగ్గములన్నిటి స్విచ్చులను ఒక్కమారుగా వేయడు. మోటారు నిశ్చలస్థితినుండి కదలుటకు తొలిక్షణమున లాగికొను విద్యుత్తు, అది నడచుచుండగా తీసికొను దానికి ఎన్నో రెట్లధికము గనుక, అన్నియు ఒక్కతూరి కదలబోయినచో ఓల్టేజి పడిపోవును. ఏ మగ్గమును వేగ మందుకొనదు. ఫ్యూజు పోయినను పోవచ్చును. కావున ఒకటి స్థిరపడినపిదప వేరొకటి నడిపించును. కంప్యూటరులో ఈ వివేకము చూపు చేయి లేదు. యజమాని ప్రవేశించిన మరుక్షణమున పది పదునైదు ప్రోగ్రాములు, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకయే, ఒకే డిస్కును, ఒకే మెమరీని, ఒకే ప్రాసెసరును తమకే కావలెనని ఆశ్రయించును. పాత కంప్యూటర్లలోని హార్డుడిస్కు నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగు పళ్లెము. దానిపై సమాచారము చదువు ముల్లు ఒకచోటినుండి మరియొకచోటికి జరిగి, కావలసిన భాగము క్రిందికి వచ్చువరకు వేచియుండుటకు ఇంచుమించు సెకండులో నూరవవంతు పట్టును. అనగా చెదరియున్న సమాచారమును అది సెకండునకు ఒక వందచోట్లనుండి మాత్రమే ఎత్తగలదు. ఒక్క ప్రోగ్రాము తన ఫైలును వరుసగా చదువుకొనినచో ఈ లోపము కనబడదు. పదిప్రోగ్రాములు పదిదిక్కుల లాగినప్పుడు ముల్లు చదువుటకంటె తిరుగుటకే ఎక్కువకాలము వెచ్చించును. తెరపై తిరుగు ఆ చిన్నవలయమునకు చాలవరకు కారణమిదియే.

కంప్యూటరు మేల్కొనుట నిజమునకు పెక్కు దశలుగా జరుగును. విద్యుత్తు ప్రవేశింపగానే మదర్‌బోర్డుమీది చిప్పులో శాశ్వతముగా నుండు మూలప్రోగ్రాము లేచి, మెమరీ, కీబోర్డు, డిస్కు సరిగా నున్నవో లేవో పరీక్షించి, డిస్కునుండి విండోసును లేపు చిన్నప్రోగ్రామును పిలుచును. అది విండోసు గర్భభాగమును మెమరీలోనికి దింపును. ఆ గర్భభాగము పరికరములను నడుపు డ్రైవర్లను, తెరవెనుక పనిచేయు సర్వీసులను లేపును. తరువాతనే పాస్‌వర్డు అడుగు తెర వచ్చును. ఇంతవరకును జరిగినది యంత్రమున కవసరమైన కార్యము. ప్రవేశించినపిదప, బొమ్మలతెర సిద్ధమగుచుండగా, ఒక పట్టికనుబట్టి ఒక్కొక్క ప్రోగ్రామును లేపుట చివరిదశ. మనకు అక్కరలేనివి దూరునది ప్రధానముగా ఈ చివరిదశలోనే.

నేతపేటలో నిలిచి ఈ విషయము చెప్పునప్పుడు ఒక పూర్వచరిత్రను స్మరింపకుండుట నాకు సాధ్యము కాదు. ఫ్రాన్సుదేశపు లియోన్ నగరమున, పట్టునేతగాండ్ర నడుమ పుట్టిపెరిగిన జోసెఫ్ మరీ జకార్ 1804 ప్రాంతమున రూపొందించిన యంత్రమే నేటికిని సోలాపురము దుప్పట్లపై నెమలిపురిని, పూలతీగలను, నేసినవారి సంస్థనామమును పలికించుచున్నది. డిజైనును ఆ యంత్రమునకు తెలుపునవి మాలగా కూర్చిన రంధ్రముల అట్టలు. అట్టలో రంధ్రమున్నచోట సూది చొచ్చుకొనిపోవును, దానితో ముడివడిన కొక్కెము లేచును, ఆ పడుగుపోగు పైకెగయును. రంధ్రము లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, పోగు క్రిందనే నిలుచును. 1839లో లియోనునందు జకార్ రూపచిత్రమునే పట్టుబట్టపై నేయుటకు ఇంచుమించు 24,000 అట్టలు వినియోగించిరి. ఆ పట్టుచిత్ర మొకటి సంపాదించి లండనులోని తన యింట అతిథులకు చూపుచుండిన చార్లెస్ బాబేజ్, తాను సంకల్పించిన గణనయంత్రమునకును ఆదేశములను రంధ్రముల అట్టలద్వారా ఇయ్యవలెనని అంతకుముందే నిశ్చయించియుండెను. ఆ యంత్రము పూర్తికాలేదు గాని, ఆ యూహ నశింపలేదు. అమెరికాలో 1890 జనాభాలెక్కలను హెర్మన్ హాలరిత్ రంధ్రముల కార్డులతోనే లెక్కించెను, అతడు స్థాపించిన సంస్థ కాలక్రమమున ఐ.బి.ఎం. అను మహాసంస్థలో అంతర్భాగమైనది. నేతగాని అట్టకును, గుమాస్తా కంప్యూటరునకును నడుమ రక్తసంబంధ మున్నదని ఇందువలన తెలియుచున్నది.

జకార్డు అట్టలమాలలో దాగినది ఏమియు లేదు. ఏ అట్ట ఎన్నవదో, ఏ రంధ్ర మెచ్చట నున్నదో మగ్గముక్రింద నిలిచినవాడు కంటితో చూడవచ్చును, వేలితో తడిమి చెప్పవచ్చును. తాను కొట్టింపని రంధ్రముచే ఒక్క పోగైనను లేవదు. తొలినాటి చిన్న కంప్యూటర్లలోను ఇంచుమించు ఈ స్థితియే యుండెను. డాస్ కాలమున ఆటోఎగ్జిక్.బ్యాట్ అను చిన్న ఫైలొకటి యుండెడిది. యంత్రము లేవగానే అందలి పంక్తులను వరుసగా చదివి చెప్పినట్లు చేసెడిది. ప్రోగ్రాములు ఆ ఫైలులో తమ పంక్తిని చేర్చుట అప్పుడును కలదు. కాని తెరచి చదివినచో అంతయు అయిదారు పంక్తులు, వలదన్నదానిని తుడిచివేయవచ్చును. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చుటతో స్టార్టప్ అను సంచిక యొకటి కంటికి కనబడునట్లు మెనూలో నిలిచినది, అది మంచిదే. కాని దానితోపాటు రిజిస్ట్రీ అను మహాగ్రంథములో, 'రన్' అను పేరుగల శాఖలలో, ఏ ప్రోగ్రామైనను ఒక పంక్తి వ్రాసికొని ప్రతిదినమును తనంతట తాను లేచు మార్గము కూడ సర్వసాధారణమైనది. సామాన్యుడు ఆ గ్రంథమును తెరువడు. తెరచినను అర్థము కాదు. పట్టిక యజమాని కంటినుండి తొలగినది ఆనాడే.

ఈ ప్రోగ్రాములు లేచుటలో వానికి స్వార్థ మేమని ప్రశ్నింపవచ్చును. కొన్ని ముందే సగము మెమరీలో చేరి యుండి, తరువాత మనము పిలిచినప్పుడు త్వరగా తెరుచుకొనినట్లు కనబడగోరును. కొన్ని క్రొత్తకూర్పు వచ్చినదేమో యని తమ సంస్థను ప్రతిదినము విచారించుటకు లేచును. కొన్ని సందేశములను వెంటనే చూపుటకు, కొన్ని సరకు అమ్ముటకు లేచును. వీనిలో మోసము లేనివే ఎక్కువ. అయినను మన సమ్మతి వీనికి దొరకిన విధము విచారింపదగినది. ఏదైన ప్రోగ్రామును యంత్రములో చేర్చునప్పుడు నాలుగైదు తెరలు వచ్చును. 'నెక్స్ట్', 'నెక్స్ట్' అని నొక్కుచు పోవుటయే అందరి యలవాటు. ఆ నడుమ ఒక చిన్నచతురములో 'విండోసుతోపాటు ఆరంభించుము' అనుదానికి ముందే గుర్తుపెట్టియుండును. ఇంగ్లీషు వేగముగా చదువగలవాడే దానిని దాటిపోవుచుండగా, ఇంట తెలుగును, బడిలో మరాఠీని నేర్చి, ఇంగ్లీషు అక్షరములను కూడబలుకుకొని చదువువానినుండి రాబట్టిన ఆ గుర్తును సమ్మతియని పిలుచుటకు నా మన స్సంగీకరింపదు.

ఇక ఆ పట్టికను చూచు విధము. కీబోర్డుమీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడుమీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ అను తెర వచ్చును. విండోస్ 10లో అది తొలిసారి చిన్నదిగా కనబడిన, క్రింద 'మోర్ డీటెయిల్స్' అనుదానిని నొక్కి పెద్దది చేసికొని, పైవరుసలో 'స్టార్టప్' అను పేరును నొక్కవలెను; విండోస్ 11లో ఎడమప్రక్కనున్న పట్టీలో 'స్టార్టప్ యాప్స్' అని యుండును. ఈ సదుపాయము 2012లో వచ్చిన విండోస్ 8 నుండి కలదు. అంతకు పూర్వపు విండోస్ 7 ఇప్పటికిని నడుపుచున్నవారు విండోస్ మీటతో 'ఆర్' అక్షరమును నొక్కి, వచ్చిన చిన్నగడిలో 'ఎంఎస్ కాన్ఫిగ్' అని ఇంగ్లీషులో వ్రాసిన ఈ పట్టికయే వేరొక రూపమున కనబడును.

పట్టికలో ఒక్కొక్క వరుస ఒక్కొక్క ప్రోగ్రాము. మొదట పేరు, పిదప తయారుచేసిన సంస్థ, ఆపైన అది లేచుటకు అనుమతి యున్నదో లేదో తెలుపు 'ఎనేబుల్డ్' లేక 'డిసేబుల్డ్' అను మాట, చివర అది మేలుకొలుపునందు కలిగించు భారము. ఆ భారమును విండోస్ నోటిమాటగా చెప్పదు, కొలిచి చెప్పును: ప్రాసెసరు కాలమున ఒక్క సెకండును గాని, డిస్కునుండి 3 మెగాబైట్లను గాని మించి తీసికొనినది 'హై', సెకండులో పదింట మూడువంతులకును, 300 కిలోబైట్లకును లోపల నున్నది 'లో', నడుమనున్నది 'మీడియం'. కావున 'హై' అని యున్నవానినుండి విచారణ మొదలుపెట్టుట ఉచితము. వలదనుకొన్న వరుసపై మౌసు కుడిమీట నొక్కి 'డిసేబుల్' అన్నచో, మరునాటినుండి అది తనంతట లేవదు. ఇందువలన ఆ ప్రోగ్రాము యంత్రమునుండి తొలగిపోదు, అందలి ఫైళ్లు నశింపవు. కావలసినప్పుడు దాని బొమ్మపై నొక్కిన ఎప్పటివలెనే తెరుచుకొనును. పొరపాటైనచో అదేచోట 'ఎనేబుల్' అన్న సరిపోవును. భయమువలననే పెక్కుమంది ఈ తెరను తాకరు. ఆ భయమునకు ఇచ్చట ఆధారము లేదు.

అయినను విచక్షణ అవసరము. సంభాషణల ప్రోగ్రాములు, పాటలవి, ఆటలవి, పి.డి.ఎఫ్. చదువు ప్రోగ్రామునకు క్రొత్తకూర్పులు తెచ్చునవి, ప్రింటరు సిరాలెక్కలు చూపునవి, వీనిని నిస్సంకోచముగ ఆపవచ్చును. సిరాలెక్క చూపునది లేచినను, లేవకపోయినను ప్రింటరు సాధారణముగా ముద్రించుచునే యుండును. విండోస్ సెక్యూరిటీ గుర్తును, మనము కోరి పెట్టుకొన్న వైరస్ నిరోధకమును ముట్టరాదు. ధ్వనికి, టచ్‌ప్యాడునకు సంబంధించినవానిని కదపి వచ్చు లాభము స్వల్పము. తెలుగో మరాఠీయో కొట్టుటకు పెట్టుకొన్న టైపింగు ప్రోగ్రామును నిత్యము వాడువాడు ఉంచుకొనవలెను. పెండ్లిపత్రికకొఱకు ఏడాది కొకమారు వాడువాడు ఆపుకొనవచ్చును.

డిజైనుపనివారు ప్రత్యేకముగా గమనింపవలసిన దొకటి కలదు. కొన్ని డిజైను ప్రోగ్రాములు, కొన్ని లెక్కల ప్రోగ్రాములు లైసెన్సును పరీక్షించుటకు ఒక చిన్న సహాయప్రోగ్రామును వెనుక నడుపుచుండును, యు.ఎస్.బి. రంధ్రమున పెట్టు డాంగిలును గుర్తించునది అదియే. దానిపేరు డిజైను ప్రోగ్రాము పేరుతో పోలకపోవచ్చును, దాని సంస్థయు వేరై యుండవచ్చును. అపరిచితమైనదని దానిని ఆపినచో, మరునాడు డాంగిలు పెట్టియున్నను లైసెన్సు లేదని తెర చెప్పును. కార్ఖానాలో పని నిలిచిపోవును. కావున తెలియని పేరు కనబడినప్పుడు కుడిమీట నొక్కి 'సెర్చ్ ఆన్‌లైన్' అని విచారించి, లేదా 'ఓపెన్ ఫైల్ లొకేషన్' అని అది ఏ ప్రోగ్రాము సంచికలో నున్నదో చూచి, అప్పుడు నిర్ణయించుట మేలు. ఒక్కమారుగా పదింటిని ఆపక, రెండుమూటిని ఆపి, ఒకటి రెండుదినములు పని జరుగుటను చూచి, తరువాతివానిని ఆపవలెను. ఇంటి చిత్రములను, డిజైను ఫైళ్లను దూరమునందలి సర్వరులో దాచు వన్‌డ్రైవ్ వంటివానిపైని నా యభిప్రాయ మిది: దానినే నమ్మి, వేరొక ప్రతి యుంచుకొననివాడు దానిని ఆపరాదు, ఏండ్లతరబడి గీసిన డిజైనులు డిస్కు చెడిన ఒక్కరాత్రిలో పోయినచో, ఆదాచేసిన ఆ అరనిమిషము ఓదార్పు కాజాలదు.

ఇంతవరకు చెప్పినది ఉపద్రవము లేని ప్రోగ్రాములను గూర్చి. నేతపేటలలో ఇంకొక ప్రమాదము కలదు; అది పెన్‌డ్రైవు. ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చినచోట అట్టలమాల పోయినది. డిజైను ఫైలు పెన్‌డ్రైవులో కంప్యూటరునుండి మగ్గమునకు చేరును. ఆ పెన్‌డ్రైవు డిజైనరు గదినుండి కార్ఖానాకును, కార్ఖానానుండి జెరాక్సు దుకాణమునకును, అచ్చటినుండి పిల్లవాని కాలేజీకిని తిరుగుచుండును. పూర్వము విండోసులో పెన్‌డ్రైవు పెట్టినంతనే అందలి ఆటోరన్ అను ఫైలు చెప్పిన ప్రోగ్రాము నడచు వీలుండుటచేత, 2008 చివరలో బయలుదేరిన కాన్‌ఫికర్ వంటి పురుగులు ఈ మార్గమునను లోకమంతట వ్యాపించినవి. విండోస్ 7లోనే ఆ తలుపు మూయబడెను, 2011 ఫిబ్రవరిలో పాత విండోసులకును మైక్రోసాఫ్ట్ ఆ మార్పును పంపెను. నేటి దుష్టప్రోగ్రాములు మన చేతనే తలుపు తీయించుచున్నవి: పెన్‌డ్రైవులోని అసలు సంచికలను దాచివేసి, వాని పేర్లతోనే షార్ట్‌కట్లను నిలుపును, డిజైనుల సంచిక యనుకొని వానిపై నొక్కినంతనే ఆ దుష్టప్రోగ్రాము కంప్యూటరులో ప్రవేశించి, మొట్టమొదట చేయుపనిగా, మేలుకొలుపు పట్టికలో తన పేరును వ్రాసికొనును. ప్రతిదినమును తిరిగి లేవనిదే అది బ్రతుకజాలదు గదా.

కావుననే ఆ పట్టికను అప్పుడప్పుడు చూచుట వేగముకొఱకే కాదు, క్షేమముకొఱకును. సంస్థపేరుండవలసిన చోట ఖాళీగా నుండి, పేరు అర్థములేని అక్షరముల గుంపై, ఫైలు 'టెంప్' అను తాత్కాలిక సంచికలో నున్నచో అనుమానింపవలెను. అట్టిదానిని పట్టికలో ఆపినంతమాత్రమున కార్యము ముగియదు. విండోస్ సెక్యూరిటీ చేత యంత్రమంతయు పరీక్ష చేయింపవలెను, పెన్‌డ్రైవునుకూడ. ఫైళ్ల పేర్లచివర నుండు మూడునాలుగక్షరముల తోకను విండోస్ సాధారణముగా దాచియుంచును. ఎక్స్‌ప్లోరర్ తెరలోని 'వ్యూ' మెనూలో దానిని కనబడునట్లు చేసికొనినచో, బొమ్మవలె నటించు ప్రోగ్రామును నొక్కకముందే గుర్తింపవచ్చును.

టాస్క్ మేనేజరులో కనబడని చోట్లును కలవు. సర్వీసులుగా చేరినవి కొన్ని, నియమిత కాలమున లేపుమని టాస్క్ షెడ్యూలరులో వ్రాసికొన్నవి కొన్ని. సర్వీసులను చూడగోరువారు ఎంఎస్ కాన్ఫిగ్ తెరలో 'సర్వీసెస్' పుట తెరచి, ముందుగా 'హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్' అను గడిలో గుర్తుపెట్టవలెను. అప్పుడు విండోసునకు ప్రాణప్రదమైనవి కంటినుండి తొలగి, బయటివి మాత్రమే నిలుచును. ఇంకను లోతునకు పోవువారికి ఆటోరన్స్ అను ఉచితసాధనము కలదు. మార్క్ రుస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అను ఇరువురు నిపుణులు దానిని నిర్మించిరి. 2006లో వారి సంస్థను మైక్రోసాఫ్ట్ కొన్నది, ఆ సాధనము నేటికిని మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటులోనే దొరకును. యంత్రము మేల్కొనునప్పుడు ఏది ఏ మార్గమున లేచునో సమస్తము చూపునది అంతకు మించినది లేదు. కాని ఆ సమస్తములో తొలగింపరానివే అధికము గనుక, తెలిసిన రిపేరుకారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొనక దానిని కదపుట మంచిది కాదు. అందును తుడిచివేయుటకంటె గడిలోని గుర్తును తీసివేయుట శ్రేయస్కరము, మరల పెట్టుకొనవచ్చును.

కంప్యూటరు వేగమును పెంచెదమని ప్రకటించుకొను 'బూస్టరు'లను, 'క్లీనరు'లను కొనవలదని గట్టిగా చెప్పదలచితిని. వానిలో పెక్కింటి మొదటి కార్యము తామే మేలుకొలుపు పట్టికలో చేరుట. వ్యాధిని పెంచుచు వైద్యమని సొమ్ము తీసికొను ఆ వ్యాపారమునకు, విండోసులోనే ఉచితముగా నున్న ఒక తెర చేయు పనికి, కార్ఖానాదారుని కష్టార్జితము పోవుట నాకు బాధాకరముగా నున్నది.

ఈ పట్టికను సవరించుటచే తీరని జబ్బులును కలవు. 4 గిగాబైట్ల మెమరీతో నేటి విండోసును, బ్రౌజరును, డిజైను ప్రోగ్రామును ఒక్కమారు నడుపబోయిన యంత్రమునకు ఆయాసము తప్పదు. తిరుగుడు హార్డుడిస్కునకు బదులు, కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి. పెట్టించుకొనినచో ముల్లు తిరుగుటకై వేచియుండు కాలము పూర్తిగా లోపించి, ఏడెనిమిదేండ్లనాటి యంత్రమును చాలకాలము పనికివచ్చును. క్రొత్త కంప్యూటరు కొనుటకంటె ఇది ఎంతయో చౌక. డిస్కు టకటకమని శబ్దము చేయుచు నెమ్మదించినచో మేలుకొలుపు పట్టికను చూచుచు కూర్చుండక, ఫైళ్లను వెంటనే వేరొకచోట దాచుకొనవలెను. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సామాన్యరక్షణ ముగిసినది గనుక, దానిని నడుపుచున్నవారు వేగమొక్కదానినే కాక ఆ సంగతినిగూడ మనస్సున నుంచుకొనవలెను.

మార్పు ఫలితమును పరీక్షించుటలో చాలమంది మోసపోవుదురు. విండోస్ 8 నుండి 'షట్ డౌన్' అన్నప్పుడు, సాధారణముగా, యంత్రము తన గర్భభాగమును పూర్తిగా చెరిపివేయక డిస్కులో దాచుకొని, మరునాడు దానినే మరల ఎత్తికొనును. త్వరగా లేచుటకు చేసిన యేర్పాటది. కావున మొదటినుండి సరిక్రొత్తగా లేచుట చూడవలెనన్న 'రీస్టార్ట్' అనవలెను. ఏ తేదీన ఏ ప్రోగ్రామును ఆపినది బిల్లుపుస్తకముచివర తెలుగులోనే వ్రాసికొనినచో, తరువాత తమ్ముడో, రిపేరుకారుడో కూర్చుండినప్పుడు వెదకులాట తప్పును. ఆపినవానిలో కొన్ని, తమ క్రొత్తకూర్పును చేర్చుకొన్నపిదప మరల పట్టికలో 'ఎనేబుల్డ్' అని నిలుచుట కలదు. అట్టివానిని టాస్క్ మేనేజరులో మాత్రమే ఆపక, ఆ ప్రోగ్రామునే తెరచి, దాని 'సెట్టింగ్స్'లో విండోసుతోపాటు లేవవలెనను గుర్తును తీసివేయవలెను.